అదే గ్లేజ్, రెండు రంగులు: బట్టీలో గాలిని అదుపు చేయడం ఎలా?

నా బల్ల మీద ఒక గిన్నె ఉంటుంది. ఒక పక్క నుంచి చూస్తే దానిమ్మ గింజ ఎరుపు. తిప్పి చూస్తే నీళ్లు కలిపినట్టున్న లేత ఆకుపచ్చ. రెండింటికీ మధ్య వేలెడంత వెడల్పున బురద రంగు చార. ఒకే బకెట్‌లో ముంచాను, ఒకే బట్టీలో కాల్చాను. మొదటిసారి దాన్ని బయటికి తీసినప్పుడు గ్లేజ్, అంటే కాలాక గాజులా మెరిసే పూత, కలపడంలోనే తప్పు జరిగిందనుకుని లెక్కలన్నీ మళ్లీ చూసుకున్నాను. లెక్క సరిగ్గానే ఉంది. తేడా వచ్చింది గాలిలో.

గ్యాస్ బట్టీలోనో కట్టెల బట్టీలోనో ఎక్కువ వేడికి, అంటే కోన్ (వేడి ఎంత పట్టిందో వంగి చెప్పే చిన్న మట్టి శంకువు) 10 దరిదాపుల్లో 1285–1300 డిగ్రీల సెల్సియస్‌కు కాల్చేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. కరెంటు బట్టీ ఉన్నవాళ్ల గురించి చివర్లో కొంత చెబుతాను.

ముందు గాలి ఏం చేస్తుందో తెలుసుకోండి

ఇంధనానికి కావలసినంత గాలి అందితే అది పూర్తిగా కాలిపోతుంది, లోపల ఇంకొంచెం ఆక్సిజన్ మిగులుతుంది కూడా. ఇది ఆక్సిడేషన్. గాలి తగ్గిస్తే ఇంధనం అరకొరగా కాలి కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ లాంటి వాయువులు మిగులుతాయి. వాటికి ఆక్సిజన్ కావాలి. చుట్టూ దొరక్కపోతే గ్లేజ్‌లోనూ మట్టిలోనూ ఉన్న లోహపు ఆక్సైడ్ల నుంచి లాక్కుంటాయి. ఇదే రిడక్షన్, బడిలో క్షయకరణం అని చదువుకున్నది. ఆక్సిజన్ పోగొట్టుకున్న లోహం రంగు మార్చుకుంటుంది. మనం ఆడే ఆటంతా ఇంతే.

ఈ ఆటలో ముఖ్యమైనవి రెండు, ఇనుము, రాగి.

ఇనుము సంగతి చూడండి. పారదర్శకమైన గ్లేజ్‌లో 1–2 శాతం ఐరన్ ఆక్సైడ్ వేసి గాలి బాగా ఇస్తే ఎండుగడ్డి లాంటి లేత పసుపు వస్తుంది. అదే గ్లేజ్‌ను రిడక్షన్‌లో కాల్చండి. నీలి ఛాయ ఉన్న చల్లని ఆకుపచ్చ వస్తుంది. దాన్నే సెలడాన్ అంటారు. చైనాలో సోంగ్ వంశం కాలంలో లోంగ్‌చువాన్ బట్టీలు పేరు తెచ్చుకున్నది ఈ రంగుతోనే. అందులో ఆకుపచ్చ రంగు పొడి ఏదీ వేయలేదు, ఉన్నది తుప్పులో ఉండే ఇనుమే. ఇనుము 8–10 శాతానికి పెంచితే రిడక్షన్‌లో నిగనిగలాడే నలుపు, అంచుల దగ్గర గ్లేజ్ పలచబడిన చోట గోధుమ రంగు వస్తాయి. టెన్‌మోకు అనే పేరు మీరు వినే ఉంటారు. ఇంకో సంగతి, ఆక్సిజన్ పోగొట్టుకున్న ఇనుము రంగు మార్చుకోవడంతో ఆగదు, గ్లేజ్‌నూ మట్టినీ త్వరగా కరిగించే ద్రావకంగా కూడా పనిచేస్తుంది. అందుకే ఇనుము ఎక్కువున్న మట్టి రిడక్షన్‌లో తొందరగా పక్వానికి వస్తుంది, మోతాదు మించితే ఉబ్బుతుంది.

రాగి మరీ నాటకాలరాయుడు. గాలి ఉంటే ఆకుపచ్చ, సోడా, పొటాష్ లాంటి క్షారాలు ఎక్కువున్న గ్లేజ్‌లో అయితే నెమలికంఠం నీలం. రిడక్షన్‌లో ఎరుపు. ఈ ఎరుపు కోసం రాగి చాలా తక్కువ వేయాలి, అర శాతం దరిదాపుల్లో చాలు. ఒక శాతం అటూ ఇటూ తగరపు ఆక్సైడ్ తోడైతే ఎరుపు బాగా కుదురుతుంది. గ్లేజ్‌లో కంటికి కనపడనంత చిన్న రాగి కణాలు ఏర్పడి, అవి వెలుతురును కొంత పీల్చుకుని, కొంత చెదరగొట్టడం వల్ల మనకు ఎరుపు కనిపిస్తుంది. కణాలు ఏర్పడకపోతే గ్లేజ్ రంగు లేకుండా గాజులా మిగిలిపోతుంది, మరీ పెద్దవైతే మాడిన కాలేయం రంగులోకి దిగుతుంది. అందుకే రాగి ఎరుపు వచ్చిన రోజు కుమ్మరి పండగ చేసుకుంటాడు, రాని రోజు ఎవరితోనూ మాట్లాడడు.

కోబాల్ట్ రెండు చోట్లా నీలమే. క్రోమియం సాధారణంగా ఆకుపచ్చే. రూటైల్ అనే టైటానియం ఖనిజం గానీ, టైటానియం ఆక్సైడ్ గానీ వేసిన గ్లేజ్‌లు ఆక్సిడేషన్‌లో మీగడ రంగు, లేత గోధుమ రంగుల్లో ఉండి రిడక్షన్‌లో నీలి మబ్బుల్లా మారతాయి. మొదట్లో ఇంత తెలిస్తే చాలు.

పరీక్ష పలకలు చేసుకోండి, బిస్క్ బాగా కాల్చండి

కొత్త గ్లేజ్‌ను నేరుగా పెద్ద కుండకు పూయకండి. మీరు వాడే మట్టితోనే నిలబడే చిన్న పలకలు చేసుకోండి. పై సగం ఒక పూత, కింది సగం రెండు పూతలు వేయండి. ఒక్కో గ్లేజ్‌కు కనీసం నాలుగు పలకలు. వెనక నంబరు వేయండి, పెన్సిల్‌తో కాదు, అది కాలిపోతుంది. ఐరన్ ఆక్సైడ్ నీళ్లలో కలిపి కుంచెతో రాయండి. ఈ నాలుగూ బట్టీలో నాలుగు మూలలకు వెళ్తాయి.

బిస్క్, అంటే గ్లేజ్ పూయకముందు చేసే మొదటి కాల్పు, దగ్గర చాలామంది తొందరపడతారు. మట్టిలో సహజంగానే కార్బన్ పదార్థాలు ఉంటాయి. అవి మొదటి కాల్పులోనే పోవాలి. 700 నుంచి 900 డిగ్రీల మధ్య మెల్లగా వెళ్లండి, గాలి ధారాళంగా రానివ్వండి, 1000 దాటించి ఆపండి. ఇక్కడ మిగిలిపోయిన కార్బన్ గ్లేజ్ కాల్పులో బుడగలుగా, సూదిపోట్లుగా, మట్టి మధ్యలో నలుపుగా బయటపడుతుంది. అప్పుడు మనం గ్లేజ్‌ను తిడతాం.

బట్టీ పేర్చడం

మంటకు దారి వదలండి. అరల నిండా కుక్కితే ఒక మూల రిడక్షన్, ఇంకో మూల ఆక్సిడేషన్ అవుతుంది. పైన ఒక కోన్ వరస, కింద ఒక వరస, రెండూ చూసే కన్నాలకు ఎదురుగా. వాటిలో కోన్ 010 కూడా ఒకటి ఉండాలి, ఎందుకో కింద చెబుతాను.

రాగి గ్లేజ్ పక్కన తెల్ల గ్లేజ్ పెట్టకండి. ఎక్కువ వేడిలో రాగి ఆవిరై గాలిలోకి లేస్తుంది, పొరుగున తగరం వేసిన తెలుపు ఏదైనా ఉంటే దాని మీద గులాబీ మచ్చ వేసి వస్తుంది.

వీలుంటే వేలి ఉంగరం సైజులో గ్లేజ్ పూసిన మట్టి రింగులు నాలుగైదు కన్నం దగ్గర నిలబెట్టండి. కాల్పు మధ్యలో ఇనుప కడ్డీతో ఒక్కోదాన్ని బయటికి లాగి చూడొచ్చు. బయటికి రాగానే చల్లటి గాలికి రంగు కొంత మోసం చేస్తుంది గానీ, విరగ్గొట్టి లోపలి మట్టి రంగు చూస్తే సంగతి తెలుస్తుంది. బూడిద రంగుంటే రిడక్షన్ లోపలిదాకా వెళ్లింది. లేత పసుపు, తెలుపు ఉంటే ఇంకా వెళ్లలేదు.

అంటించే ముందు

కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, రంగు ఉండదు, మనిషిని చంపుతుంది. రిడక్షన్ అంటే కావాలని దాన్ని తయారుచేయడమే. బట్టీ ఆరుబయట ఉండాలి, లేదా నాలుగు వైపులా గాలి ఆడే షెడ్డులో ఉండాలి. మూసిన గదిలో అయితే ఈ పని పెట్టుకోకండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి దగ్గర పెట్టుకోండి. తలనొప్పిగా, వికారంగా అనిపిస్తే ఎండ దెబ్బ అని సర్దిచెప్పుకోకుండా వెంటనే దూరంగా వెళ్లిపోండి.

కన్నంలోంచి చూడ్డానికి వెల్డింగ్ వాళ్లు వాడే 3 లేదా 5 నంబరు అద్దాలు పెట్టుకోండి. మూత తీసేటప్పుడు ముఖం పక్కకు పెట్టండి, లోపలి మంట ఒక్కసారిగా బయటికి నాలుక చాస్తుంది. జుట్టు ముడి వేసుకోండి, నైలాన్ బట్టలు వద్దు.

900 డిగ్రీల దాకా: ఏమీ చేయకండి

నిజంగానే. డ్యాంపర్ (పొగగొట్టం దారిని మూసే, తెరిచే పలక) తెరిచే ఉంచండి, గాలి బాగా ఇవ్వండి, శుభ్రమైన మంటతో మెల్లగా వేడి పెంచండి. తక్కువ వేడిలో గాలి తగ్గిస్తే మంట ఆరిపోయి, కాలని గ్యాస్ లోపల పేరుకుని పేలే ప్రమాదం ఉంది. బట్టీ లోపల ఎర్రగా వెలగకముందు డ్యాంపర్ జోలికి పోవద్దు.

900 దగ్గర: అసలు పని

కోన్ 010 వంగుతోందంటే మీరు ఇంచుమించు 900 డిగ్రీల దగ్గర ఉన్నారు. ఇక్కడే రిడక్షన్ మొదలు పెట్టాలి. రాగి ఎరుపు కోసమైతే ఇంకాస్త ముందు, 850 దాటగానే.

ఎందుకింత తొందర? గ్లేజ్ ఇంకా పొడిపొడిగా, చిల్లులతో ఉంది. వాయువు దాంట్లోంచి మట్టి లోపలికి దూరగలదు. పైన 1100 డిగ్రీల ప్రాంతంలో గ్లేజ్ కరిగి గాజు పొరగా మూసుకోవడం మొదలుపెడుతుంది. తలుపు వేశాక తట్టి లాభం లేదు. ప్రాచీన గ్రీసులో ఏథెన్స్ కుమ్మరులు ఇదే సంగతిని తిరగేసి వాడుకున్నారు. వాళ్ల ఎరుపు నలుపు కుండల్లో మట్టీ, దాని మీది బొమ్మల పూతా రెండూ ఇనుమున్న మట్టే. మొదట గాలి ఇచ్చి కాల్చారు, తర్వాత గాలి ఆపితే అంతా నల్లబడింది, చివర్లో మళ్లీ గాలి ఇస్తే చిల్లులున్న మట్టి ఎర్రబడింది. సన్నటి పూత మాత్రం అప్పటికే గాజులా మూసుకుపోయింది కాబట్టి నల్లగానే ఉండిపోయింది. ఇరవై అయిదు శతాబ్దాలు దాటినా ఆ నలుపు అలాగే ఉంది.

ఇప్పుడు చేతులతో చేసే పని. డ్యాంపర్‌ను ఒక్కసారి అర అంగుళం లోపలికి నెట్టండి. రెండు నిమిషాలు ఆగండి. కింది కన్నం మూత తీసి చూడండి. మంట లోపలికే పీల్చుకుపోతుంటే ఇంకో అర అంగుళం. మెత్తటి మంట నాలుక బయటికి రావడం మొదలైతే ఆగండి. కిందా పైనా రెండు కన్నాల దగ్గరా మంట బయటికి రావాలి, పైన కొంచెం ఎక్కువ రావడం మామూలే. డ్యాంపర్‌తో కుదరకపోతే అప్పుడు బర్నర్ దగ్గరి గాలి కొద్దిగా తగ్గించండి. రెండూ ఒకేసారి కదిపితే ఏది ఏం చేసిందో మీకే తెలీదు.

మంటను చదవడం అలవాటు చేసుకోండి. మూడు నాలుగు అంగుళాల పొడవున, పారదర్శకంగా, కొసన నారింజ రంగుతో ఊగే మంటయితే మనకు కావలసిన రిడక్షన్. జానెడు దాటి, పసుపు పచ్చగా, ఒత్తుగా, కొసన మసితో వస్తే ఎక్కువైంది. పొగగొట్టంలోంచి నల్లటి పొగ లేస్తుంటే మీరు గ్లేజ్‌కు రంగు వేయడం లేదు, ఇంధనం తగలేస్తున్నారు. కొత్తవాళ్లకు పొగ చూస్తే ఏదో జరుగుతోందన్న తృప్తి. నేనూ మొదట్లో పొగను చూసి మురిసిపోయాను. నాలుగు గంటలు పొగ పెట్టాక బట్టీ వేడి పది డిగ్రీలు కూడా పెరగలేదు. మట్టి పెళుసైపోయి, కప్పు పిడి పట్టుకుంటే చేతిలోకి ఊడి వచ్చింది. విరిగిన చోట చూస్తే మధ్యలో బొగ్గు పెట్టినట్టు నల్లటి గీత.

ఈ రిడక్షన్ 45 నిమిషాల నుంచి గంట దాకా ఉంచండి. బట్టీలో ఆక్సిజన్ కొలిచే పరికరం, ఆక్సిజన్ ప్రోబ్, ఉంటే హాయి. వోల్టులో భాగాలుగా అంకె చూపిస్తుంది, రిడక్షన్ పెరిగేకొద్దీ అంకె పెరుగుతుంది. ప్రోబ్ ఉన్నా కళ్లతో మంట చూడటం మానకండి, ప్రోబ్ తన చుట్టూ ఉన్న గాలి సంగతి మాత్రమే చెబుతుంది.

అక్కడి నుంచి పైకి

గంట అయ్యాక డ్యాంపర్ కొంచెం తెరిచి తేలికపాటి రిడక్షన్‌లో పైకి వెళ్లండి. నేను గంటకు 50–60 డిగ్రీలు పెరిగేలా చూసుకుంటాను. వేడి కదలకుండా మొండికేస్తే చాలామంది గ్యాస్ పెంచుతారు. అప్పటికే గ్యాస్ ఎక్కువై గాలి చాలక ఆగింది, ఇంకా పెంచితే ఇంకా ఆగుతుంది. డ్యాంపర్ పావు అంగుళం తెరిచి చూడండి, లేదా గ్యాస్ కొంచెం తగ్గించండి. తగ్గించగానే వేడి పెరగడం మొదటిసారి చూసినప్పుడు వింతగా ఉంటుంది.

అరగంటకోసారి పుస్తకంలో రాయండి. టైము, వేడి, డ్యాంపర్ ఎన్ని అంగుళాలు, గ్యాస్ ప్రెషర్, పైన మంట, కింద మంట. ఆరు గళ్లు గీసుకుంటే సరిపోతుంది. మరుసటి నెల మళ్లీ అదే రంగు కావాలంటే ఈ పేజీ తప్ప ఇంకేదీ దాన్ని తెచ్చిపెట్టదు.

పై కోన్ వంగి కింది కోన్ నిలబడే ఉంటే కంగారు పడకండి. డ్యాంపర్ కొద్దిగా అటూ ఇటూ జరిపి, వేడి పెంచకుండా కాసేపు పట్టి ఉంచితే చాలాసార్లు సర్దుకుంటుంది.

చివరి కోన్ పడ్డాక పది నిమిషాలు గాలి బాగా ఇచ్చి శుభ్రం చేసేవాళ్లున్నారు. మట్టికి వెచ్చటి రంగు కావాలంటే మంచిదే. రాగి ఎరుపు ఉన్న బట్టీలో నేను చేయను, చేసినా రెండు మూడు నిమిషాలే. తర్వాత బర్నర్లు ఆపి, డ్యాంపర్, కన్నాలు, బర్నర్ ద్వారాలు అన్నీ మూసేయండి. చల్లారేటప్పుడు లోపలికి చేరే గాలి గ్లేజ్‌ను పెద్దగా ఏమీ చేయలేదు, అది అప్పటికే గట్టిపడుతుంది. గ్లేజ్ పూయని మట్టిని మాత్రం మళ్లీ ఆక్సిడైజ్ చేస్తుంది. సెలడాన్ గిన్నె తిరగేసి చూడండి. అడుగున గ్లేజ్ లేని అంచు కాల్చిన రొట్టెలా ఎర్రగా ఉంటుంది. అక్కడ చిన్న పెచ్చు ఊడితే లోపలంతా బూడిద రంగు, పైన కాగితం మందాన మాత్రమే ఎరుపు.

కరెంటు బట్టీ ఉన్నవాళ్లు

కరెంటు బట్టీలో కర్రలు, బొగ్గు, నాఫ్తలిన్ ఉండలు వేసి రిడక్షన్ చేయమని ఎవరైనా చెబితే వినకండి. హీటింగ్ తీగల మీద వాటిని కాపాడే ఆక్సైడ్ పొర ఒకటి ఉంటుంది. రిడక్షన్ దాన్ని తినేస్తుంది, తీగల ఆయుష్షు తగ్గిపోతుంది. పైగా ఆ గ్యాసులు గదిలోకే వస్తాయి.

మరో దారి ఉంది. చాలా మెత్తటి సిలికాన్ కార్బైడ్ పొడిని అర శాతం లోపు గ్లేజ్‌లోనే కలిపితే, అది వేడికి విడిపోతూ గ్లేజ్ లోపలే ఆక్సిజన్ లాక్కుంటుంది. బట్టీ అంతా ఆక్సిడేషన్‌లోనే ఉంటుంది, రాగి మాత్రం ఎర్రబడుతుంది. పొడి గరుకుగా ఉన్నా, ఎక్కువైనా పైన నురుగులా బుడగలు, గుంటలు పడతాయి. కాబట్టి ముందు పలకల మీద చూసుకోండి. గ్యాస్ బట్టీ ఎరుపంత లోతు రాకపోవచ్చు గానీ దీన్ని తక్కువ చేసి మాట్లాడను, చాలా అందమైన పనులు చూశాను.

బట్టీ తెరిచాక

బట్టీ 100 డిగ్రీల లోపు దిగాకే తెరవండి. పలకలను అవి ఉన్న చోటు ప్రకారమే నేల మీద పరచండి, పై వరస పైన, ముందుది ముందు. ఇప్పుడు ఏ మూల ఏం చేసిందో మ్యాపులా కనిపిస్తుంది.

సెలడాన్ పసుపు వైపు పోతే రిడక్షన్ చాలలేదు, లేదా ఆలస్యంగా మొదలైంది. మురికి బూడిద రంగుకు పోతే కరగకముందే మసి లోపల చిక్కుకుంది. రాగి గ్లేజ్ అంచుల్లో తెల్లగా, రంగు లేకుండా ఉంటే అక్కడ పూత పలచన, ఇంకో చేయి వేయాలి. మొత్తంగా రంగు లేకపోతే మొదలే ఆలస్యమైంది. ఒక్కసారికి ఒక్కటే మార్చండి. మొదలుపెట్టే వేడి మార్చితే ఈసారికి డ్యాంపర్ పాతదే.

నా సగం ఎరుపు గిన్నె సంగతి ఈ మ్యాపు వల్లే తేలింది. అది కింది అరలో, తలుపు పక్కన ఉంది. తలుపు వైపున్న పలకలన్నీ ఆకుపచ్చ, లోపలి వైపువి ఎరుపు. తలుపు ఇటుకల మధ్య చూపుడు వేలు గోరు దూరేంత సందు ఉంది. బట్టీ పై భాగంలో మంట బయటికి తోస్తుంటే, కింది భాగం గాలిని లోపలికి పీలుస్తుంది. ఆ సందులోంచి గంటల తరబడి సన్నగా గాలి తగిలి గిన్నెను ఒక పక్క మాత్రమే పచ్చగా చేసింది. ఇసుక కలిపిన మట్టి మెత్తి సందు పూడ్చాను, తర్వాతి కాల్పులో అదే చోట పెట్టిన గిన్నె నిండా ఎర్రగా వచ్చింది. దాని పక్కన, ఖాళీ ఉంది కదా అని నేనే పెట్టిన తెల్ల కప్పు కూడా, ఎరుపు వైపున్న చెంప మీద గులాబీ రంగుతో వచ్చింది.